యాగంటి నుంచి కర్నూలు దాకా, ట్రోండ్‌హైమ్ పతకాల వెంట

2025 ఫిబ్రవరి 26, బుధవారం: యాగంటి

అనంతపురం బస్టాండులో తెల్లారకముందే శివరాత్రి రద్దీ మొదలైంది. తాడిపత్రి, కొలిమిగుండ్ల మీదుగా బనగానపల్లె చేరేసరికి ఎండ బాగా ముదిరింది. నా వెంట మా అక్క కూతురు శైలజ ఉంది. డిగ్రీ పూర్తి చేసి బి.పి.ఎడ్. ఎంట్రన్స్‌కు చదువుతోంది. లాంగ్ జంప్ చేస్తుంది. నేను బళ్లో డ్రిల్లు సారుగా పనిచేసి రిటైరైన వాణ్ని. 1998లో జపాన్‌లోని నాగానోలో ఒలింపిక్స్ జరిగినప్పుడు టీవీలో స్కీ జంపింగ్ చూశాను. కాళ్లకు స్కీలనే పొడవాటి పలకలు కట్టుకుని, మంచు వాలు మీద జారి వచ్చి దూరం దూకే ఆట అది. అప్పటి నుంచి ఆ ఆటంటే ప్రాణం. చిన్నప్పటి నుంచి నా పక్కన కూర్చుని వింటూ పెరిగిన శైలజకూ అదే ఇష్టం అబ్బింది.

నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో నార్డిక్ స్కీయింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ సరిగ్గా ఈ రోజే మొదలు. స్కీ జంపింగ్ అందులో ఒక భాగం. మార్చి 9 దాకా జరుగుతుంది. "మామా, జాగారం యాగంటిలో చేస్తాం. ఆన్నుంచి గండికోట, కడప, కర్నూలు తిరుగుతాం. యాడ సిగ్నల్ దొరికితే ఆడ స్కోర్లు చూస్తాం" అని ప్రయాణం మొత్తం తనే నిర్ణయించింది.

యాగంటి దారిలో ఒక ఊళ్లో తిరునాళ్లకు బండలాగుడు పోటీ పెట్టారు. ఆటో ఆపించి దిగాం. ఎద్దులకు వచ్చిన పళ్లను బట్టి విభాగాలు చేస్తారు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. ఇచ్చిన గడువులో ఏ జత బండను ఎంత దూరం లాగిందో కొలుస్తారు. మైకులో అడుగులతో పాటు అంగుళాలు కూడా చదువుతారు. మేం చూస్తుండగానే ఒక జత గడువు ముగిసింది. రైతు వచ్చి టేపు పట్టుకున్న పిల్లవాణ్ని ఆపాడు. "టేపు వదులుగా పట్టినావబ్బా, బిగించి కొల్చు" అన్నాడు. పెద్దమనుషులు లేచి వచ్చి, జనమంతా చూస్తుండగా మళ్లీ కొలిపించారు. ఎవరూ విసుక్కోలేదు. బహుమతి ఎంత పెద్దదైనా అది నిలబడేది ఆ టేపు మీదే. స్కీ జంపింగ్ పతకం సంగతీ అచ్చం ఇంతే, అందుకే ఆ పెద్దమనుషులు నాకు బాగా నచ్చారు.

యాగంటి పుష్కరిణిలో స్నానం చేసి, ఉమామహేశ్వరుణ్ని దర్శించుకోవడానికి చాలాసేపు వరుసలో నిలబడ్డాం. ఇక్కడి బసవన్న పెరుగుతున్నాడని ఈ ప్రాంతంలో అందరూ చెబుతారు. ఒకప్పుడు చుట్టూ తిరిగి ప్రదక్షిణ చేసేవారట, ఇప్పుడు స్తంభాలకూ విగ్రహానికీ మధ్య మనిషి పట్టడు. శైలజ ఆ సందును చాలాసేపు చూసింది.

రాత్రి జాగారంలో, గుట్ట కింద బండ మీద కూర్చుని, ఆండర్స్ హౌగెన్ కథ చెప్పాను. పక్కన చాపేసుకున్న బేతంచెర్ల కుటుంబం కూడా విన్నారు. 1924లో ఫ్రాన్స్‌లోని షమొనీలో మొదటి శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. స్కీ జంపింగ్‌లో స్వర్ణం యాకబ్ తులిన్ థామ్స్‌కు, రజతం నార్వె బొన్నాకు వచ్చాయి. ఇద్దరిదీ నార్వేనే. కాంస్యం కూడా నార్వేకే, తోర్లీఫ్ హౌగ్‌కు ఇచ్చారు. ఆ ఒలింపిక్స్‌లోనే మూడు స్వర్ణాలు గెలిచిన మహావీరుడు అతను. నాలుగో స్థానంలో నిలిచిన ఆండర్స్ నార్వేలో పుట్టి, అమెరికాలో స్థిరపడి, అమెరికా తరఫున దూకినవాడు. పతకం లేకుండా ఇంటికి వెళ్లాడు.

1974లో పాత స్కోరు లెక్కలు తిరగేస్తుంటే కూడికలో తప్పు బయటపడింది. కాంస్యం ఆండర్స్‌ది. అప్పటికి తోర్లీఫ్ పోయి 40 ఏళ్లు. ఆయన కూతురు ఓస్లోలో ఆ పతకాన్ని తీసుకొచ్చి, 80 దాటిన ఆండర్స్ చేతిలో తానే పెట్టింది.

బేతంచెర్ల పెద్దాయన "ఆ పిల్ల పుణ్యాత్మురాలు" అన్నాడు. నాదీ అదే మాట. తండ్రి జ్ఞాపకంగా ఇంట్లో ఉన్న పతకం అది. ఇవ్వను అంటే ఎవరు అడగగలరు? పతక విజేతల జాబితాలో ఆమె పేరు ఉండదు. నాకు మాత్రం ఆ పేజీ తెరిచినప్పుడల్లా ముందు ఆమే గుర్తొస్తుంది.

ఫిబ్రవరి 27, గురువారం: బెలుం

నిద్ర కళ్లతోనే బెలుం గుహలకు వచ్చాం. గుహల పొడవు 3,229 మీటర్లు, అందులో కొంత భాగమే జనానికి తెరిచారు. లోపల ఉక్కపోత, చెమటతో చొక్కా తడిసిపోయింది. పాతాళగంగ దాకా దిగి వచ్చి చింతచెట్టు కింద నిద్రపోయాం. ఈ రోజుకు ఇంతే.

ఫిబ్రవరి 28, శుక్రవారం: గండికోట

జమ్మలమడుగు నుంచి ఉదయమే కోటకు చేరాం. ధాన్యాగారం, జామియా మసీదు, మాధవరాయస్వామి గుడి చూసుకుంటూ పెన్నా లోయ అంచుకు వచ్చాం. ఎర్రటి బండలు పలకలు పలకలుగా పేర్చినట్టున్నాయి, అడుగున నది. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, కంచె లేని చోట్లు ఎక్కువ.

"ఇంత ఎత్తు నుంచి దూకుతారా మామా?" అని ఒక కుర్రాడు అడిగాడు. శైలజ ఫోనులో చూపిస్తున్న వీడియో వాడి కంటబడింది. అందరికీ వచ్చే అనుమానమే ఇది. స్కీ జంపర్ ఎత్తు నుంచి కిందికి పడడు. హిల్ అంటే దూకడం కోసం కట్టిన వాలు, చిన్నదాన్ని నార్మల్ హిల్ అంటారు. పెద్ద హిల్ మీద గంటకు దాదాపు 90 కిలోమీటర్ల వేగంతో జారి వచ్చి, అంచు మీద కాళ్లతో తన్ని లేస్తాడు. కింద వాలు కూడా అతనితో పాటే దిగుతూ ఉంటుంది. గాల్లో ఉన్నంతసేపూ కాళ్ల కింద మంచు కొన్ని మీటర్ల దూరంలోనే ఉంటుంది. శరీరాన్ని స్కీల మీదికి వాల్చి, గాలిని కింద పట్టి, ఎంత దూరం మోయించుకుంటాడన్నదే విద్య.

లెక్క ఇలా ఉంటుంది. ప్రతి హిల్‌కూ కె పాయింట్ అని ఒక గీత ఉంటుంది. సరిగ్గా దాని మీద దిగితే 60 పాయింట్లు. పెద్ద హిల్ మీద అది దాటిన ప్రతి మీటరుకూ 1.8, నార్మల్ హిల్ మీద 2 పాయింట్లు కలుస్తాయి, తగ్గితే పోతాయి. కె పాయింట్ 120 మీటర్లయితే 130 దూకినవాడికి 78. ఆపైన ఐదుగురు జడ్జీలు ఒక్కొక్కరు 20కి మార్కులు వేస్తారు. అన్నిటికన్నా ఎక్కువ, అన్నిటికన్నా తక్కువ తీసేసి, మిగిలిన మూడూ కలుపుతారు. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు పెట్టి మోకాళ్లు వంచి దిగాలి. దాన్ని టెలిమార్క్ అంటారు. ఎంత దూరం దూకినా దిగేటప్పుడు తడబడితే పతకం చేజారుతుంది. ఎదురుగాలి జంపర్‌ను లేపుతుంది, వెనకగాలి కిందికి నొక్కుతుంది కాబట్టి గాలిని బట్టి కూడా పాయింట్లు సర్దుతారు.

జడ్జీలన్నాక యాన్ బోక్లోవ్ గురించి చెప్పకుండా ఉండలేను. 1980లలో అందరూ స్కీలు రెండూ కలిపి సమాంతరంగా పెట్టి ఎగిరేవారు. ఈ స్వీడన్ కుర్రాడు వాటి ముందు కొనలు విడదీసి ఎగిరాడు. దూరం పెరిగింది, జడ్జీలు మాత్రం అందం లేదని మార్కులు కోశారు. అయినా 1988–89 ప్రపంచ కప్ మొత్తం మీద అతనే గెలిచాడు. 1992లో అల్బర్ట్‌విల్ ఒలింపిక్స్‌లో పెద్ద హిల్ స్వర్ణం గెలిచిన టోనీ నీమినెన్‌కు 16 ఏళ్లు, ఎగిరింది ఆ కొత్త పద్ధతిలోనే. బోక్లోవ్‌కు ఒలింపిక్ పతకం లేదు. నేడు ట్రోండ్‌హైమ్‌లో పతకం మెళ్లో వేసుకునే ప్రతి ఒక్కరూ అతని బాటలో ఎగిరినవాళ్లే.

రాత్రి మహిళల నార్మల్ హిల్. కోటలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటే, బస చేసిన చోట మిద్దె ఎక్కి ఒక మూలన నిలబడ్డాం. స్లొవేనియా అమ్మాయి నికా ప్రెవ్ట్స్ స్వర్ణం. జర్మనీకి చెందిన సెలీనా ఫ్రైటాగ్ రజతం, నార్వేకు చెందిన ఆనా ఓడినా స్ట్రోమ్ కాంస్యం. నికాకు ఇంకా 20 నిండలేదు. శైలజ అరిచిన అరుపుకు కింద వంట చేస్తున్న అమ్మ పైకి వచ్చింది.

ఆ అమ్మకు శైలజే చెప్పింది. మగవాళ్లకు 1924 నుంచి ఒలింపిక్ పతకాలుంటే ఆడవాళ్లకు 2014 సోచీ దాకా లేవు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కూడా మొదటిసారి 2009లో, చెక్ దేశంలోని లిబెరెట్స్‌లో. అక్కడ గెలిచిన అమెరికా అమ్మాయి లిండ్సీ వాన్, వాంకూవర్ ఒలింపిక్స్ కోసం విస్లర్‌లో కట్టిన హిల్ మీద ఆడా మగా అందరిలోనూ రికార్డు దూరం దూకింది. 2010లో ఆ హిల్ మీద ఒలింపిక్స్ జరిగితే ఆమెకు దూకే హక్కే లేదు. అమ్మాయిలు కెనడా కోర్టుకెక్కారు. ఇది వివక్షేనని జడ్జి ఒప్పుకుంది, కానీ అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీని ఆదేశించే అధికారం తనకు లేదంది. సోచీలో జర్మనీకి చెందిన కరీనా ఫోగ్ట్ మొదటి స్వర్ణం గెలిచేనాటికి లిండ్సీకి మంచి వయసు దాటింది.

"కొల్చకుండానే వద్దన్నారు" అంది వంట చేసే అమ్మ. తిరునాళ్లలో టేపు కోసం జరిగిన వాదన ఆమె చూడలేదు, అయినా ఆమె మాట నేరుగా అక్కడికే వెళ్లింది. తప్పుగా కొలిస్తే 50 ఏళ్లకైనా దిద్దవచ్చు. అసలు కొలవని దూకును ఎవరు దిద్దుతారు?

మార్చి 1, శనివారం: ప్రొద్దుటూరు

బంగారు అంగళ్ల వీధిలో మాకు దూరపు బంధువు ఒకాయనకు చిన్న కొట్టుంది. ఒలింపిక్ స్వర్ణ పతకంలో ఎంత బంగారం ఉంటుందని అడిగాడు. కనీసం 6 గ్రాముల పూత ఉండాలని నియమం, మిగతాదంతా వెండేనని చెప్పాను. "అంటే కాసు కూడా లేదు గదా!" అని ఆశ్చర్యపోయాడు. కాసేపాగి, "అయినా దాన్ని కరిగించే మొగోడు ఉండడులే" అని తనే అన్నాడు.

రాత్రి మహిళల టీమ్ పోటీలో నార్వే స్వర్ణం, ఆస్ట్రియా రజతం, జర్మనీ కాంస్యం.

మార్చి 2, ఆదివారం: కడప

రంజాన్ నెల ఈ రోజే మొదలైంది. ఉదయం దేవుని కడపలో లక్ష్మీ వేంకటేశ్వరుణ్ని చూసి, నెయ్యి కారం దోసె తిన్నాం. ఎర్రటి కారం, పైన పప్పుల పొడి, చేతికంటే నెయ్యి. దీనికోసమే కడపకు రావచ్చు. సాయంత్రం అమీన్ పీర్ దర్గాకు వెళ్లాం. ఇఫ్తార్ వేళ ముక్కూ మొహం తెలియని మాకు కూడా ఖర్జూరాలు, పండ్ల ముక్కలు చేతిలో పెట్టారు.

పురుషుల నార్మల్ హిల్ ఫలితం రాత్రి వచ్చింది. సొంత గడ్డ మీద నార్వేకు చెందిన మారియస్ లిండ్‌విక్ స్వర్ణం. 2018 ఒలింపిక్స్ నార్మల్ హిల్ విజేత, జర్మనీకి చెందిన ఆండ్రియాస్ వెల్లింగర్ రజతం. ఆస్ట్రియాకు చెందిన యాన్ హోర్ల్ కాంస్యం. ఈ మూడు పేర్లూ గుర్తుంచుకోండి, కర్నూల్లో మళ్లీ అవసరమవుతాయి.

నిద్రపోయే ముందు శైలజ అడిగింది: "మన ఎండల్లో ఇది జరిగే ఆటేనా మామా?" మంచు లేకపోయినా జరుగుతుంది. తూర్పు జర్మనీలో హన్స్ రెన్నర్ అనే ఆయన 1954లో వాలు మీద పరిచే ప్లాస్టిక్ చాపలు కనిపెట్టాడు. 1994 నుంచి వేసవిలో వాటి మీదే గ్రాండ్ ప్రి పేరుతో అంతర్జాతీయ పోటీలు జరుగుతున్నాయి. జంపర్లు నైపుణ్యం పెంచుకునేది చాలావరకు ఎండాకాలంలోనే. వాళ్ల ఎండ మన ఎండ కాదు, అది వేరే విషయం. కానీ ఈ ఆట మంచు దేశాలకే రాసిపెట్టి ఉందని నేను ఒప్పుకోను.

మార్చి 3 నుంచి 5 వరకు: కడప, ఒంటిమిట్ట

బంధువుల ఇళ్లు, భోజనాలు. ఒకరోజు ఒంటిమిట్ట కోదండరాముడి గుడికి వెళ్లి వచ్చాం. ఆ మంటప స్తంభాల ముందు ఎంతసేపు కూర్చున్నా తనివి తీరదు. బుధవారం ఆడా మగా కలిసి దూకే మిక్స్‌డ్ టీమ్ పోటీలో నార్వే స్వర్ణం, స్లొవేనియా రజతం, ఆస్ట్రియా కాంస్యం.

మార్చి 6, గురువారం: ఆళ్లగడ్డ

మైదుకూరు మీదుగా ఆళ్లగడ్డకు వచ్చాం. రోడ్డు పక్కనే శిల్పుల పాకలు. ఉలి దెబ్బల చప్పుడు ఊరంతా వినిపిస్తుంది. ఒక పాకలో నిలువెత్తు విగ్రహం తయారవుతోంది. పెద్ద శిల్పి కళ్లు చెక్కుతున్నాడు. దుమ్ము కొట్టుకుపోయిన నలుగురు కుర్రవాళ్లు వెనక పీఠం నునుపు చేస్తున్నారు. పీఠం మీద వాళ్ల పేర్లు పడవు.

రాత్రి పురుషుల టీమ్ పోటీలో స్లొవేనియా స్వర్ణం, ఆస్ట్రియా రజతం, నార్వే కాంస్యం. టీమ్ పతకం అంటే నా మనసు నాగానోకే పోతుంది. శైలజకు ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అడుగుతుంది.

1994లో నార్వేలోని లిల్లెహామర్ ఒలింపిక్స్‌లో, టీమ్ పోటీలో జపాన్ స్వర్ణానికి ఒక్క దూకు దూరంలో ఉంది. ఆఖరివాడు మసాహికో హరదా. 105 మీటర్లు దూకితే చాలు. 97.5 దగ్గర దిగి, మంచు మీద కూలబడి తల పట్టుకున్నాడు. స్వర్ణం జర్మనీకి పోయింది. నాలుగేళ్లకు సొంత దేశంలో, నాగానోలో, మంచు తుఫానులో హరదా మొదటి రౌండులో 79.5 మీటర్ల దగ్గరే దిగాడు. జపాన్ నాలుగో స్థానానికి పడిపోయింది. పోటీ ఆగింది. రెండో రౌండు రద్దయితే మొదటి రౌండు స్కోరే ఖాయం.

అప్పుడు హిల్ దూకడానికి యోగ్యమో కాదో తేల్చే పని టెస్ట్ జంపర్ల మీద పడింది. 25 మంది. వాళ్ల దూకుకు మార్కులుండవు, పతకాలుండవు. ఆ మంచులో ఒకరి వెనక ఒకరు దూకి, పోటీ జరపవచ్చని చూపించారు. వాళ్లలో జిన్యా నిషికాటా ఒకడు. 1994లో హరదాతో పాటు రజతం గెలిచిన జట్టు సభ్యుడు, ఈసారి జట్టులో చోటు దక్కనివాడు. పోటీ మళ్లీ మొదలైంది. హరదా 137 మీటర్లు దూకాడు, జపాన్ స్వర్ణం గెలిచింది. ఆ దూకే నన్ను ఈ ఆటకు కట్టేసింది. విజేతల జాబితాలో ఒకాబె, సైతో, హరదా, ఫునాకి అని నాలుగు పేర్లుంటాయి. నా లెక్కలో ఇంకో 25 మంది ఉన్నారు.

మార్చి 7, శుక్రవారం: మహానంది

కోనేటి నీళ్లలో అడుగున వేసిన నాణెం కూడా కనిపిస్తుంది. శైలజ మెడదాకా దిగి చాలాసేపు బయటికి రాలేదు. నంద్యాలలో బస. రాత్రి మహిళల పెద్ద హిల్ పోటీలో మళ్లీ నికానే. నార్వేకు చెందిన ఐరిన్ మరియా క్వాండాల్ రజతం, స్ట్రోమ్‌కు మళ్లీ కాంస్యం.

నికా ఇంట్లో పతకాలు కొత్త కాదు. పెద్దన్న పీటర్ 2015లో 250 మీటర్లు దూకిన మొదటి మనిషి, 2022 ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ టీమ్ స్వర్ణ విజేత. ఇంకో అన్న త్సెనెకు అదే ఒలింపిక్స్‌లో టీమ్ రజతం ఉంది. మూడో అన్న డోమెన్ నిన్న స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు, రేపు ఒంటరిగా దూకుతాడు.

మార్చి 8, శనివారం: కర్నూలు

దారిలో ఓర్వకల్లు రాళ్లవనం దగ్గర దిగి, మధ్యాహ్నానికి కర్నూలు చేరాం. ఉగ్గాని బజ్జీ తిని కొండారెడ్డి బురుజు ఎక్కాం. రాత్రి లాడ్జి గదిలో ఫోను చార్జింగుకు పెట్టి ఇద్దరం దాని ముందే కూర్చున్నాం.

పురుషుల పెద్ద హిల్. డోమెన్ ప్రెవ్ట్స్ స్వర్ణం, లిండ్‌విక్ రజతం, హోర్ల్ కాంస్యం అని వచ్చింది. కాసేపటికే జాబితా మారిపోయింది. లిండ్‌విక్ పేరు లేదు. ఐదో స్థానంలో ఉన్న అతని జట్టువాడు ఫోర్‌ఫాంగ్ పేరూ లేదు. హోర్ల్‌కు రజతం, జపాన్‌కు చెందిన ర్యోయు కొబయాషికి కాంస్యం.

కారణం దుస్తులు. జంపర్ వేసుకునే సూటు ఒంటికి ఎంత వదులుండాలో కచ్చితమైన కొలతలున్నాయి, ఎందుకంటే బట్ట ఎక్కువైనా, మెత్తగా వంగకుండా గట్టిగా ఉన్నా గాలిని పట్టి మోస్తుంది. తనిఖీ చేసిన సూటుకు చిప్ పెడతారు. చిప్ పెట్టాక నార్వే జట్టు సిబ్బంది సూట్లను మళ్లీ కుట్టుమిషను మీద పెట్టిన దృశ్యాన్ని ఎవరో రహస్యంగా వీడియో తీశారు. మిగతా దేశాలు అభ్యంతరం చెప్పాయి. పోటీ అయ్యాక అధికారులు కుట్లు విప్పి చూస్తే లోపల ఉండకూడని గట్టి దారం దొరికింది. తమకు తెలియదని ఇద్దరు క్రీడాకారులూ అన్నారు. తప్పు చేశామని నార్వే జట్టు పెద్దలు ఒప్పుకున్నారు. ఈ ఆటను లోకానికి ఇచ్చిన దేశం, పైగా సొంత ఊళ్లో జరిగిన పండుగ. నాకు నిజంగా బాధేసింది.

శైలజకు బాధ కాదు, కోపం. "మరి ఆదివారం గెల్చిన స్వర్ణం? ఆ సూటు విప్పి చూసినారా?" అని నిలదీసింది. నార్మల్ హిల్ ఫలితం మారలేదు, ఆ స్వర్ణం లిండ్‌విక్‌దే. నిరూపించనిదాన్ని ఊహ మీద లాక్కోకూడదని నేనన్నాను. అనుమానం వచ్చాక వెనక్కి వెళ్లి చూడకపోతే వెల్లింగర్‌కు ఎవరు జవాబు చెబుతారని తనంది. రాత్రి చాలాసేపు వాదించుకున్నాం. ఇద్దరం ఒప్పుకున్నది ఒక్కటే: కొబయాషి ఆండర్స్‌లాగా 50 ఏళ్లు ఆగనక్కర్లేకపోయింది.

అనంతపురం వచ్చాక

ఇంటికి చేరిన వారంలోపే, మార్చి 14న, నార్వేలోని వికర్‌సుండ్‌లో నికా 236 మీటర్లు దూకి మహిళల ప్రపంచ రికార్డు నెలకొల్పింది. 30న స్లొవేనియాలోని ప్లానిట్సాలో డోమెన్ 254.5 మీటర్లతో పురుషుల రికార్డు తీసుకున్నాడు. అన్నాచెల్లెళ్ల చేతిలో పెద్ద హిల్ వ్యక్తిగత స్వర్ణాలు రెండూ, ప్రపంచ రికార్డులు రెండూ, ఒకే నెలలో. ఆగస్టులో లిండ్‌విక్, ఫోర్‌ఫాంగ్ చెరి 3 నెలల సస్పెన్షన్‌కు ఒప్పుకున్నారు. ఆ వార్త శైలజకు చదివి వినిపిస్తే, నార్మల్ హిల్ స్వర్ణం మీద తన మాట మార్చుకోలేదు. నేనూ మార్చుకోలేదు.